ఊరెళ్తే ఇంటికి అలారం: లోపల అసలు ఏం జరుగుతుంది?

తాళంకప్ప (వనస్థలిపురం)
సంక్రాంతికి భీమవరం వెళ్తున్నాం, వారం పైనే ఇంటికి తాళం. ఇండిపెండెంట్ ఇల్లు, కింద మేము, పై వాటా ఖాళీ. దసరాకి మా వీధిలో ఒకళ్లింట్లో దొంగలు పడ్డారు. అప్పట్నుంచి అలారం పెట్టించమని మా ఆవిడ ఒకటే పోరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక షాపాయన ప్యానెల్, తలుపు సెన్సార్లు రెండు, మోషన్ సెన్సార్లు రెండు, సైరన్, రిమోట్ అన్నీ కలిపి పద్దెనిమిది వేలు చెప్పాడు. రేటు సంగతి తర్వాత. ఏం అడిగినా "అంతా ఆటోమేటిక్ సార్" అంటున్నాడు. తలుపు తెరిస్తే దానికెలా తెలుస్తుంది? వైరు కోసేస్తే? కరెంటు పోతే? నాకు ఫోన్ ఎలా వస్తుంది? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

సర్క్యూట్ సుబ్బు (విజయవాడ)
ఆటోమేటిక్ అన్నాడంటే ఆయనకీ తెలీదన్నమాట. బంగారం షాపులకి, గోడౌన్లకి ఈ ప్యానెళ్లు బిగించడమే నా పని, నాకు తెలిసింది చెప్తా.

తలుపు సెన్సార్లో రెండు ముక్కలుంటాయి. వైరున్న ముక్క ద్వారబంధానికి, వైరు లేని ముక్క తలుపు రెక్కకి. వైరు లేనిది వట్టి అయస్కాంతం. వైరున్న దాంట్లో రీడ్ స్విచ్ అని అగ్గిపుల్ల కంటే పొట్టి గాజు గొట్టం, అందులో ఎదురెదురుగా రెండు పల్చటి లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరుంటే రేకులు అతుక్కుంటాయి, తలుపు తెరిస్తే విడిపోతాయి. అంతే, అందులో ఇంక తెలివితేటలేం లేవు.

తెలివంతా ప్యానెల్ దగ్గర, అంటే సెన్సార్ల వైర్లన్నీ వచ్చి చేరే మెయిన్ డబ్బా. అది ఆ వైరులో చిన్న కరెంటు ఎప్పుడూ పంపుతూ, తిరిగొస్తోందా లేదా అని చూస్తుంటుంది. తలుపు మూసి ఉంటే తిరిగొస్తుంది, తెరిస్తే ఆగుతుంది. ఎవడైనా వైరు కోసినా ఆగుతుంది. అంటే వైరు కోస్తే అలారం చావదు, మోగుతుంది. సినిమాల్లో చూపించేదానికి తలకిందులు.

లెన్సు మాస్టారు (గుంటూరు)
సుబ్బుగారు చెప్పినదానికి చిన్న చరిత్ర ముక్క. ఇంటి దొంగల గంటకి కరెంటు వాడి పేటెంటు తీసుకున్నది 1853లో, అమెరికాలో బోస్టన్ పక్కన సోమర్‌విల్‌లో ఉండే అగస్టస్ రసెల్ పోప్. ఆయన చర్చి పాస్టరు. దాంట్లో లెక్క వేరు: తలుపు తెరిస్తే సర్క్యూట్ కలిసి గంట మోగేది. మరి అలాంటి అమరికలో వైరు కోసేస్తే మోగే దారే ఉండదు కదా. సుబ్బుగారు చెప్పిన "కరెంటు ఆగితే మోగు" పద్ధతి ఎందుకు నిలబడిందో అక్కడే తెలిసిపోతుంది. పోప్ హక్కుల్ని 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వ్యాపారి కొని, దాన్ని పెద్ద వ్యాపారం చేశాడు.

రీడ్ స్విచ్ చాలా తర్వాతిది. బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ 1936లో టెలిఫోన్ల పని కోసం చేశాడు. గొట్టంలో మామూలు గాలి బదులు నైట్రోజన్ లాంటి వాయువు నింపి మూసేస్తారు. దుమ్ము, తుప్పు లోపలికి పోవు. అందుకే అంత మన్నిక.

ఎర్రకారం (ప్రొద్దుటూరు)
మాస్టారూ, ఒక అనుమానం. వైరు కోస్తే మోగుతుంది, సరే. కోయకుండా సెన్సార్ దాకా పోకముందే రెండు వైర్లూ కలిపేస్తే? కరెంటు తిరిగొచ్చేస్తాది కదా, తలుపు బార్లా తెరిచినా దానికి తెలవదు.

సర్క్యూట్ సుబ్బు (విజయవాడ)
సరిగ్గా పట్టుకున్నారు. దానికే లైన్ చివర రెసిస్టర్, అంటే కరెంటుకి కొంత అడ్డుపడే చిన్న ముక్క, పెడతారు, ఎండ్ ఆఫ్ లైన్ అంటాం. 2.2 కిలో ఓములో, 4.7 ఓ, 5.6 ఓ, కంపెనీని బట్టి. ప్యానెల్ ఇప్పుడు కరెంటు వస్తోందా లేదా అని కాక, ఎంత అడ్డు ఉంది అని కొలుస్తుంది. అనుకున్న విలువ కనబడితే అంతా బాగున్నట్టు. అడ్డు అసలు లేకపోతే ఎవరో వైర్లు కలిపారు. తెగిపోయినట్టు కనబడితే తలుపు తెరిచారు లేదా వైరు కోశారు. రెండు రెసిస్టర్లు వాడితే తలుపు తెరవడం వేరు, వైరు కోయడం వేరు అని కూడా విడదీసి చెబుతుంది.

దీంట్లో మా వాళ్లు చేసే కక్కుర్తి ఒకటుంది. ఆ రెసిస్టర్ సెన్సార్ డబ్బాలో, అంటే లైన్ చివర ఉండాలి. నిచ్చెనెక్కి సెన్సార్ విప్పడానికి బద్ధకించి ప్యానెల్ డబ్బాలోనే బిగించేస్తారు. ప్యానెల్ కరెక్టు విలువే చూస్తుంది, ఎర్ర లైటు రాదు, కస్టమర్‌కి తేడా తెలీదు. కానీ రెసిస్టర్ పెట్టిన ప్రయోజనం గంగలో కలిసినట్టే. బిగించాక ప్యానెల్ మూత తీయించి చూడండి. రంగు గీతల రెసిస్టర్లు టెర్మినల్ దగ్గరే వరుసగా కనబడితే, సెన్సార్ల దగ్గరికి మార్చమనండి.

ముగ్గుపిండి (తెనాలి)
ఇవన్నీ ఇలా బాహాటంగా రాస్తే దొంగలకి పాఠాలు చెప్పినట్టు కాదా?

ఎర్రకారం (ప్రొద్దుటూరు)
అక్కా, దొంగనాకొడుకులకు రెసిస్టర్‌తో పనేముంది, గడ్డపారుంటే చాలు. తెలియాల్సింది డబ్బులు పెట్టే మనకే.

గల్లీ క్రికెట్ (కరీంనగర్)
మా ఇంట్ల పెట్టిచ్చినం అన్నా. తలుపులకు ఏం లొల్లి లేదు గనీ ఆ మూలకున్న మోషన్ సెన్సార్ ఉన్నది సూడు, అది మస్తు సతాయించింది. రాత్రి రెండింటికి ఒక్కసారే మోగుడు, గల్లీ అంతా లేసుడు. ఎవ్వడూ లేడు. చూస్తే సెన్సార్ మీద బల్లి. మూడోసారికి పక్కింటాయన కిటికీ గూడ తెరవలే. పెట్ ఇమ్యూన్ అని రాసున్నది డబ్బా మీద, ఇరవై అయిదు కిలోల కుక్కకు మోగదట, బల్లికి మోగుతదట. ఇదేం కథ?

లెన్సు మాస్టారు (గుంటూరు)
కథ చాలా సరదాగా ఉంటుంది. ఆ సెన్సార్ పేరు పీఐఆర్. అది ఏ కిరణాలూ బయటికి వదలదు. మన ఒళ్లు ఎప్పుడూ వెదజల్లే వేడి కిరణాల్ని, అంటే 10 మైక్రోమీటర్ల అటూ ఇటూ తరంగదైర్ఘ్యం ఉండే పరారుణాన్ని, ఊరికే అందుకుంటుంది. ముందున్న తెల్లటి ప్లాస్టిక్ మీద గళ్లు గళ్లుగా ఉంటుందే, అది ఫ్రెనెల్ లెన్సుల గుంపు. ఒక్కో గడి గదిలో ఒక్కో ముక్కని చూస్తుంది. లోపల వేడికి స్పందించే ఒక స్ఫటికం, రెండు సగాలుగా, ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి ఉంటుంది. గది మొత్తం మెల్లగా వేడెక్కితే రెండు సగాలూ ఒకేలా వేడెక్కి లెక్క సున్నా అవుతుంది. మనిషి గదికి అడ్డంగా నడిస్తే ముందు ఒక సగం మీద, తర్వాత రెండో సగం మీద పడతాడు. సిగ్నల్ పైకి లేచి కిందికి దిగుతుంది. ప్యానెల్‌కి వెళ్లే కబురు అదే.

ఇందులోంచి మూడు సంగతులు వాటంతటవే వస్తాయి. కదలకుండా నిలబడ్డవాణ్ణి అది చూడలేదు. తనవైపు తిన్నగా నడిచొచ్చేవాణ్ణి ఆలస్యంగా చూస్తుంది, అడ్డంగా నడిచేవాణ్ణి వెంటనే పడుతుంది, కాబట్టి తలుపుకి ఎదురుగా కాకుండా పక్క మూలలో పెట్టాలి. కిటికీ అద్దం ఆ పరారుణాన్ని ఆపేస్తుంది కాబట్టి అద్దం అవతల ఎవడు తచ్చాడినా దానికి తెలీదు.

ఇక బల్లి. పెట్ ఇమ్యూన్ అంటే దానికి కుక్కా మనిషీ తేడా తెలుసని కాదు. నేల దగ్గర, దూరంగా, చిన్నగా కదిలే వేడిని వదిలేస్తుంది. బల్లి లెన్సు మీదే కూర్చుంటే చూపు మొత్తాన్ని కప్పేస్తుంది. సెన్సార్ లెక్కలో అది గదంతా నిండిన భూతం.

సర్క్యూట్ సుబ్బు (విజయవాడ)
మన వైపు ఇళ్లలో బల్లి ఫిర్యాదే నంబర్ వన్. రెండోది చీమలు, సెన్సార్ డబ్బాలో గూడు పెడతాయి, లోపలి వెచ్చదనం వాటికి బాగా నచ్చుతుంది. వైరు దూర్చిన రంధ్రాన్ని సిలికాన్‌తో మూసెయ్యాలి, చాలామంది మూయరు. ట్యూబ్‌లైట్ పక్కన సెన్సార్ పెట్టొద్దు, లైటుకి పురుగులు, పురుగులకి బల్లులు. సెన్సార్ లోపల పల్స్ కౌంట్ అని చిన్న జంపర్ ఉంటుంది, అది ఒకటి మీదుంటే రెండుకి మార్చండి. అప్పుడు ఒక్క కదలికకి నమ్మదు, రెండోది కూడా రావాలి.

అప్పటికీ ఆగకపోతే డ్యూయల్ సెన్సార్ పెట్టించండి. పీఐఆర్‌తో పాటు మైక్రోవేవ్ కూడా ఉంటుంది, ట్రాఫిక్ పోలీసుల స్పీడు గన్‌లో పనిచేసే సూత్రమే. రెండూ ఒకేసారి ఔనంటేనే అలారం. మైక్రోవేవ్‌కి తిరిగే ఫ్యాను మనిషిలా కనిపించొచ్చు, కానీ ఫ్యానుకి ఒంటి వేడి లేదు, పీఐఆర్ ఒప్పుకోదు. రేటు ఎక్కువే. గల్లీలో మళ్లీ మొహం చూపించుకోవాలంటే పెట్టక తప్పదు.

లెన్సు మాస్టారు (గుంటూరు)
ఇంకో మాట, కేటలాగుల్లో పెద్దగా కనబడనిది. పీఐఆర్ చూసేది వేడిని కాదు, వేడిలో తేడాని. మన చర్మం పైన 33, 34 డిగ్రీలుంటుంది. జనవరి రాత్రి గోడ 22 డిగ్రీలుంటే మనిషి ధగధగ మెరుస్తాడు. మే నెల్లో రెంటచింతలలోనో రామగుండంలోనో స్లాబు కింద మూసేసిన గది రాత్రి కూడా 35 దగ్గరుంటే? మనిషీ గోడా ఒకటే. చవక సెన్సార్ చూపు దూరం బాగా పడిపోతుంది. మంచివాటిలో టెంపరేచర్ కాంపెన్సేషన్ ఉంటుంది, గది ఒంటి వేడికి దగ్గరయ్యేకొద్దీ అది తన చురుకు పెంచుకుంటుంది. మీరు సంక్రాంతికి వెళ్తున్నారు కాబట్టి ఫరవాలేదు. వేసవి సెలవులకి కూడా దీన్నే నమ్ముకుంటే ఆ మాట డబ్బా మీద ఉందో లేదో చూసి కొనండి.

తాళంకప్ప (వనస్థలిపురం)
అందరికీ దండాలు, ఇంత వస్తుందనుకోలేదు. షాపాయన నాకు వైర్‌లెస్ సెట్ చూపిస్తున్నాడు, గోడలు పగలగొట్టక్కర్లేదు అంటాడు. అది తీసుకోవచ్చా? కరెంటు ప్రశ్న కూడా మిగిలిపోయింది.

సోల్డరింగ్ ఐరన్ (మియాపూర్)
వైర్‌లెస్ గురించి నేను చెప్తా. తలుపు సెన్సార్ తెరుచుకోగానే రేడియోలో ఒక నంబర్ అరుస్తుంది, ప్యానెల్ ఆ నంబర్ గుర్తుపట్టి సైరన్ మోగిస్తుంది. చవక సెట్లలో అది 433 మెగాహెర్ట్జ్ మీద. ఈవీ1527 లాంటి చిప్పు, 20 బిట్ల కోడ్, మొత్తం పది లక్షల పైచిలుకు నంబర్లు. లెక్కకి చాలానే. కానీ ఆ నంబర్ ఎప్పటికీ మారదు. మీ రిమోట్ నొక్కినప్పుడు ఎవడైనా రికార్డు చేసుకుంటే, మళ్లీ అదే వినిపించి అలారం ఆపేయొచ్చు. రోలింగ్ కోడ్ ఉన్నవాటిలో నొక్కిన ప్రతిసారీ నంబర్ మారుతుంది, పాతది చెల్లదు.

నన్నడిగితే అసలు భయం అది కాదు. మన వీధి దొంగ రేడియో పట్టుకుని తిరగడు. భయపడాల్సింది బ్యాటరీ గురించి. చవక సెన్సార్ తలుపు తెరిచినప్పుడు మాత్రమే మాట్లాడుతుంది, మిగతా టైమంతా మౌనం. దాని బ్యాటరీ చచ్చినా మౌనమే. ప్యానెల్‌కి రెండూ ఒకటే. వైర్డ్‌లో ఎప్పుడూ కరెంటు తిరుగుతుందని సుబ్బన్న చెప్పాడే, ఆ భరోసా ఇక్కడ లేదు. మంచి వైర్‌లెస్‌లో సూపర్‌విజన్ ఉంటుంది: ప్రతి సెన్సారూ అప్పుడప్పుడూ "ఉన్నాను" అని కబురు పెడుతుంది, రాకపోతే ప్యానెల్ మీకు చెప్తుంది. షాపాయన్ని ఈ ఒక్క ప్రశ్న అడగండి: "సెన్సార్ బ్యాటరీ తీసేస్తే నాకు మెసేజ్ వస్తుందా?" నసిగితే ఆ సెట్ వద్దు.

సర్క్యూట్ సుబ్బు (విజయవాడ)
కరెంటు విషయం. ప్యానెల్ డబ్బాలో 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉంటుంది, యూపీఎస్‌లో వాడే రకమే. ప్యానెల్ 100 మిల్లీ ఆంపియర్లు, రెండు పీఐఆర్‌లు తలా 15 తింటాయనుకోండి, మొత్తం 130. కాగితం మీద 54 గంటలు. కొత్త బ్యాటరీ అయినా నేను ఒకటిన్నర రోజుకి మించి నమ్మను, సైరన్ మోగిందంటే ఇంకా తగ్గుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీని అసలు నమ్మను.

ప్యానెల్‌ని అటక మీద దాచేస్తారు కొందరు. స్లాబు వేడికి బ్యాటరీ ఉడికిపోతుంది. ఈ రకం బ్యాటరీకి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని లెక్క. మెట్ల కింద, బట్టల బీరువా పక్కన, ఎక్కడైనా చల్లగా ఉండే చోట పెట్టండి. సైరన్ మాత్రం బయట, చేతికి అందనంత ఎత్తులో. సొంత బ్యాటరీ ఉన్న సైరన్ అయితే దాని వైరు కోసినా అరుస్తూనే ఉంటుంది.

కెమెరా ఉంటే చాలదా అని ఎలాగూ ఎవరో అడుగుతారు. మెయిన్ ఆఫ్ చేస్తే రూటర్ పోతుంది, రూటర్ పోతే వైఫై కెమెరా నుంచి ఫోన్‌కి ఏమీ రాదు. డీవీఆర్, అంటే కెమెరా రికార్డింగు డబ్బా, టీవీ కిందే ఉంటే టీవీతో పాటే ఎత్తుకుపోతారు. కెమెరా వద్దనట్లేదు, రూటర్‌ని ఇన్వర్టర్ మీద పెట్టండి.

గల్లీ క్రికెట్ (కరీంనగర్)
సిమ్ ముచ్చట గూడ చెప్పున్రి అన్నా. మా ప్యానెల్ల జియో సిమ్ ఏస్తే నెట్‌వర్కే రాలే.

సోల్డరింగ్ ఐరన్ (మియాపూర్)
రాదు. అలారం మోగితే ప్యానెల్ మనకి ఫోన్ చేసేది ఆ సిమ్‌తోనే. జియో మొదట్నుంచీ 4జీనే, 2జీ లేదు. బజార్లో దొరికే చాలా ప్యానెళ్లలో ఇప్పటికీ 2జీ మోడెమే ఉంటుంది, వాటికి 2జీ నడుపుతున్న కంపెనీ సిమ్ కావాలి. కొత్తగా కొనేవాళ్లు 4జీ ప్యానెలే తీసుకోండి. 2జీ ఎన్నాళ్లుంటుందో ఎవరు చూశారు.

ఇంకోటి, రీచార్జి. అలారం మోగితే తప్ప ఆ సిమ్ ఎవరికీ ఫోన్ చేయదు. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే, బ్యాలెన్సు కూడా లేకపోతే, కంపెనీ ఆ నంబర్ని తీసేయొచ్చు. తీసేస్తున్నామని మెసేజ్ వచ్చేదీ ఆ సిమ్‌కే, ప్యానెల్ డబ్బాలోకి. చదివేవాడెవడు? వ్యాలిడిటీ చూసుకుని రీచార్జి చేయించండి, నెలకోసారి టెస్టు కాల్ కొట్టించండి.

ముగ్గుపిండి (తెనాలి)
మా ఇంట్లో సమస్య దొంగలు కాదు, మా అత్తగారు. ధనుర్మాసం మొత్తం నాలుగున్నరకే లేచి కళ్లాపి చల్లడానికి తలుపు తీస్తారు. రాత్రి మేం అలారం ఆన్ చేసి పడుకుంటాం. మొదటి రోజే ఆవిడ గుండె ఝల్లుమంది, పేడ నీళ్ల బకెట్టు హాల్లో ఒలికింది. "నా ఇంట్లో నేను తలుపు తీస్తే గంట కొడుతుందా" అని రెండు రోజులు అన్నం సయించలేదు. దీనికేమైనా దారి ఉందా, లేక అలారమే తీసేయమంటారా?

సర్క్యూట్ సుబ్బు (విజయవాడ)
తీసేయకండమ్మా. రెండు పద్ధతులున్నాయి: అవే, స్టే. ఇల్లు ఖాళీగా ఉంటే అవే, అన్ని సెన్సార్లూ కాపలా కాస్తాయి. ఇంట్లో మనుషులుంటే స్టే, లోపలి మోషన్ సెన్సార్లు పడుకుంటాయి, తలుపులే కాపలా. మీరు స్టేలో పెట్టి, వీధి తలుపుకి ఎంట్రీ డిలే 30 సెకన్లు పెట్టించండి. తలుపు తెరవగానే సైరన్ బదులు ప్యానెల్ కుయ్ కుయ్ మంటుంది, ఆ 30 సెకన్లలో ఆపేస్తే సరి. అత్తగారికి నంబర్లు గుర్తుపెట్టుకోమని చెప్పొద్దు. రిమోట్ ఒకటి ఇచ్చి తాళాల గుత్తికి తగిలించండి, తలుపు తీసే ముందు నొక్కడమే. పెరటి తలుపుకి మాత్రం డిలే పెట్టించకండి, అది తెరిస్తే వెంటనే మోగాలి.

ఆ రిమోట్ మీదే పానిక్ బటన్ కూడా ఉంటుంది. అలారం ఆఫ్‌లో ఉన్నా పనిచేస్తుంది. పగలు ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి మిగతా అన్నిటికంటే నాకు అదే ముఖ్యమనిపిస్తుంది.

ఫ్రిస్కో బాబాయ్ (టెక్సాస్)
ఇక్కడి సంగతి వేరే. మా ఇంటి అలారం మోగితే ముందు మానిటరింగ్ సెంటర్‌కి పోతుంది. వాళ్లు నాకు ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగుతారు. నేను ఎత్తకపోతే మా ఆవిడకి. ఇద్దరం ఎత్తకపోతే పోలీసుకి. నెలనెలా ఫీజు. పక్కనున్న డాలస్‌లో అయితే అలారం ఉన్నందుకు సిటీ నుంచి పర్మిట్ కూడా తీసుకోవాలి. అమెరికాలో చాలా ఊళ్లలో ఉత్తుత్తి అలారాలకి జరిమానా ఉంది. సాల్ట్ లేక్ సిటీ అయితే 2000 నుంచీ, ఎవరైనా వెళ్లి నిజంగానే చొరబడ్డారని చూసి చెప్తేనే పోలీసులొస్తారు. వాళ్ల దగ్గరికొచ్చే అలారాల్లో దాదాపు అన్నీ బల్లి కేసులే మరి.

పై పోస్టులో 2జీ గురించి రాసినవారి మాట తేలిగ్గా తీసుకోకండి. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ 3జీ ఆపేసినప్పుడు ఇక్కడ మోడెమ్ మార్చుకోని పాత ప్యానెళ్లు మూగబోయాయి. సెన్సార్లు, సైరన్ అన్నీ బాగానే ఉన్నాయి, బయటికి కబురే పోదు.

నా ప్రశ్న: తెనాలి దగ్గర మా పల్లెలో అమ్మానాన్నలిద్దరే ఉంటారు. అక్కడ అలారం మోగి నాకు ఇక్కడ ఫోన్ వస్తే నేనేం చేయగలను?

మఫ్టీ మామ (రాజమండ్రి, రిటైర్డ్)
ఆయ్, ఇంతసేపూ ఈ మాట కోసమే చూస్తున్నానండి. డిపార్ట్‌మెంట్‌లో ముప్పై ఏళ్లకి పైనే చేశాను. సెన్సార్ ఎంత గొప్పదైనా చివరికి ఒక మనిషి చెప్పులేసుకుని ఆ ఇంటికి రావాలండి. ఆ మనిషి ఎవరో ముందే అనుకోకపోతే సైరన్ ఊరికే అరిచి అరిచి ఆగుతుంది. చాలా ప్యానెళ్లలో కొన్ని నిమిషాలకి దానంతటదే ఆగిపోతుంది కూడా.

టెక్సాస్ బాబుగారూ, ప్యానెల్ ఫోన్ చేసే నంబర్లలో మీది మూడోదిగా పెట్టండి. మొదటిది పక్కింటివారిది, రెండోది ఊళ్లోనే ఉండే మీ బంధువుది. వాళ్లని లోపలికి వెళ్లొద్దనండి. దూరం నుంచి చూసి, లైట్లు వేసి, కేకలేసి, 112కి కొట్టమనండి. అమెరికా నుంచి మీరు 112 కొడితే మన కంట్రోల్ రూమ్‌కి రాదు. కాబట్టి మీ స్టేషన్ ల్యాండ్‌లైన్ నంబర్ ఎస్టీడీ కోడ్‌తో రాసి పెట్టుకోండి.

తాళంకప్పగారూ, మీరు తెలంగాణలో ఉన్నారు కాబట్టి వెళ్లే ముందు మీ స్టేషన్‌లో చెప్పి వెళ్లండి, బీటు వాళ్లు ఒక కన్నేస్తారు. మా ఆంధ్రాలో ఎల్‌హెచ్‌ఎంఎస్ అని ఉందండి, తాళం వేసిన ఇళ్ల మీద నిఘా. యాప్‌లో నమోదు చేసుకుని ఫలానా రోజుల్లో ఊళ్లో ఉండం అని అడిగితే, అది నడిచే పట్టణాల్లో పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు. ఎవరైనా కదిలితే కబురు తిన్నగా కంట్రోల్ రూమ్‌కి పోతుంది. డబ్బులు తీసుకోరు.

దొంగ ఇల్లు ఎలా ఎంచుకుంటాడో తెలుసాండి? గేటుకి బయట వేలాడే తాళం. గుమ్మంలో నాలుగు రోజుల పేపర్లు, పాల ప్యాకెట్లు. పగలూ రాత్రీ వెలుగుతూనే ఉన్న వరండా లైటు. సంక్రాంతికైతే ఇంకా తేలిక, వీధంతా ముగ్గులుండి ఒక్క వాకిలే బోసిగా ఉంటే చాలు. పనిమనిషికో పక్కింటి అమ్మాయికో చెప్పి రోజూ నాలుగు గీతలైనా వేయించండి. భీమవరం కోడిపందేల ఫోటోలు స్టేటస్‌లో పెట్టేది తిరిగొచ్చాక పెట్టుకోవచ్చు.

ముగ్గుపిండి (తెనాలి)
ముగ్గు మాట మా అత్తగారికి చదివి వినిపించా. ఇక నాలుగింటికే లేస్తారేమో.

బాబాయ్ గారూ, మీ పల్లె ఏదో ప్రైవేటుగా మెసేజ్ పెట్టండి. మా వారి మేనమామలు ఆ చుట్టుపక్కలే.

తాళంకప్ప (వనస్థలిపురం)
అప్‌డేట్. వైర్డ్ సెట్టే తీసుకున్నా, 4జీ ప్యానెల్. వీధి తలుపుకి, పెరటి తలుపుకి మాగ్నెట్లు, హాల్లో పక్క మూలన డ్యూయల్ సెన్సార్ ఒకటే. రెండో మోషన్ సెన్సార్ వద్దన్నా, ఆ డబ్బుతో సొంత బ్యాటరీ ఉన్న సైరన్ వచ్చింది. వైరింగ్ కేసింగ్ పట్టీలో లాగించాం, గోడ పగలగొట్టే పనే పడలేదు.

బిగించే అబ్బాయి ఎదురుగానే మెయిన్ ఆఫ్ చేశా, ప్యానెల్ బతికే ఉంది. సెన్సార్ మూత విప్పా, మోగింది. తర్వాత ప్యానెల్ మూత తీయమంటే అబ్బాయి నా మొహం కేసి చూశాడు. రంగు గీతల రెసిస్టర్లు, సుబ్బుగారు చెప్పినట్టే, వరుసగా టెర్మినల్ దగ్గరే. "సార్ మీరు ఈ ఫీల్డా?" అన్నాడు. అరగంటలో సెన్సార్ల దగ్గరికి మార్చాడు. మొదటి ఫోన్ నంబర్ ఎదురింటి మాస్టారిది.

చిన్న చిక్కు. పెరటి వైపు ఇనుప గ్రిల్ తలుపు కూడా ఉంది. దానికి మాగ్నెట్ పెడితే ఒక్కోసారి మూసి ఉన్నా తెరిచినట్టు చూపిస్తోంది.

సర్క్యూట్ సుబ్బు (విజయవాడ)
ఇనుము అయస్కాంత బలాన్ని తన వైపు లాగేసుకుంటుంది, రీడ్ దాకా సరిపడా అందదు. మామూలు సెన్సార్ 15, 20 మిల్లీమీటర్ల సందుని తట్టుకుంటుంది, ఇనుము మీద పెడితే అందులో సగం కూడా ఉండదు. షట్టర్లకి వాడే పెద్ద మాగ్నెట్ సెట్ అడగండి, లేదా కింద ప్లాస్టిక్ స్పేసర్ వేసి ఎత్తు పెంచండి. వర్షాకాలం టేకు తలుపులు ఉబ్బినప్పుడు కూడా సందు మారుతుంది, అప్పుడొకసారి చూసుకోండి.

గల్లీ క్రికెట్ (కరీంనగర్)
అన్నా ఆఖరి ముచ్చట. మా మేడ మీద గూడ సెన్సార్ పెడుదమనుకుంటున్న. కోతులు వస్తయి మా దిక్కు, మందలు మందలు. ఏం పెట్టాలె?

సర్క్యూట్ సుబ్బు (విజయవాడ)
మోషన్ సెన్సార్ మాత్రం పెట్టకు తమ్ముడూ. పెద్ద కోతిని అది మనిషికింద లెక్కేస్తుంది, పై నుంచి కిందికి గంతేస్తే పెట్ ఇమ్యూన్ కూడా పనికిరాదు. మెట్ల గది తలుపుకి మాగ్నెట్ ఒక్కటి చాలు. లోపల గడియ పెట్టు, కోతులు తలుపు ఊపినా సందు కదలకుండా. వైరు బయటికి కనబడనీయకు, పీకేస్తాయి.